కాగితం లేని పిల్లతో ఘంటసాలకు

విజయవాడ నుంచి ఘంటసాల వెళ్ళొచ్చి దానికి యాత్ర అని పేరు పెడితే మా పటమటలో నవ్వుతారు. పొద్దున్నే ఇడ్లీ తిని బస్సెక్కితే సాయంత్రం కాఫీకి ఇంట్లో ఉండొచ్చు. కొత్త శతాబ్దం వచ్చేస్తోందని పత్రికలన్నీ ఊదరగొడుతున్న ఆ డిసెంబరులో నేనూ ఆ ధీమాతోనే బయల్దేరాను. ఒకే సీటులో ఒదిగి కూర్చున్నంత మాత్రాన ముగ్గురు మనుషులు ఒకే దారిలో వెళ్తున్నట్టు కాదని నాకప్పటికి తెలియదు. నాకది పొలాల మధ్య తారురోడ్డు. నా పక్కనున్న పెద్దామెకు పోలీసులతో చెప్పి అడుగుపెట్టాల్సిన పరాయి నేల. కిటికీ పక్కన కూర్చున్న చిన్నదానికి, ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగితే జైలు దాకా పోగల దారి.

బందరు కాలువ పక్కన ఉన్ని

చలికాలం వచ్చిందంటే విజయవాడకు టిబెటన్లు వస్తారు. మా ఊరి చలి ఎంతటిదో చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున ఫ్యాను కాస్త తగ్గిస్తే దాన్నే చలి అంటాం. అయినా మావాళ్ళు స్వెట్టర్లూ, మంకీ టోపీలూ ఎగబడి కొంటారు. కాలువ పక్కన పట్టా కింద కొట్టు పెట్టుకునే డోల్కర్ నాకు అలాగే పరిచయమైంది. అరవై దాటిన మనిషి. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ బేరమాడీ ఆడీ మన తెలుగు వంటబట్టించుకుంది.

"నూట యాభై ఏంటి, వందకియ్యి," అన్నాను మొదటిసారి.

"వందకి చేతులు రావమ్మా. చేతుల్లేంది ఇవ్వనా?" అంది.

ఆ జవాబుతో నేను స్వెట్టరూ కొన్నాను, స్నేహమూ చేశాను.

ఏటా నవంబరులో కర్ణాటకలోని తమ కాలనీ నుంచి వస్తుంది. వచ్చినరోజు మొదట వెళ్ళేది కొట్టుకు కాదు, పోలీసు స్టేషనుకు. తాను ఎవరో, ఎక్కడ ఉండాలో, ఎప్పటిదాకా ఉండొచ్చో రాసి ఉన్న చిన్న పుస్తకం ఒకటి ఎప్పుడూ ఆమె గౌను మడతల్లో ఉంటుంది. దాన్ని ఆర్సీ అంటుంది. ఆర్సీ అనేది ఆటోనగర్‌లో లారీలకుంటుందని తెలుసు గాని, మనిషికీ ఉంటుందని, దాన్ని కూడా గడువు తీరకముందే తిరగరాయించుకోవాలని ఆమెను చూశాకే తెలిసింది.

ఆ ఏడు ఆమెతో ఒక పిల్ల వచ్చింది. పేరు పేమా. డోల్కర్ తమ్ముడి కూతురు, పందొమ్మిదేళ్ళుంటాయి. హిమాలయాలు నడిచి దాటి, నేపాలు మీదుగా మన దేశంలోకి వచ్చి మూడేళ్ళయింది. పేమాకు పుస్తకం లేదు. మొదట్లో వచ్చినవాళ్ళకు ఇచ్చారట. ఇటీవల వచ్చినవాళ్ళలో చాలామందికి ఇవ్వడం లేదట. ఎందుకు ఇవ్వరని అడిగితే డోల్కర్ పైకి చూసింది. ఆకాశంలో ఎవరూ లేరని వాదించే నేను, ఆమె చూసింది ఢిల్లీ వైపని అర్థం చేసుకున్నాను.

"మోకాళ్ళు పోయినాయి టీచరమ్మా. వచ్చే ఏడు వస్తానో రానో. ఇక్కడెక్కడో బుద్ధుడి స్తూపం ఉందంట. ఒక్కసారి దాని చుట్టూ తిరగాలి," అంది.

తీసుకెళ్తానన్నాను. ఆమె స్టేషనుకు వెళ్ళి చెప్పి వచ్చింది. పేమాను కొట్టులోనే ఉంచుదామని ఆమె ఉద్దేశం. ఆ మాట వినగానే పిల్ల తమ భాషలో గబగబా ఏదో అంది. డోల్కర్ నవ్వుతూ తెలుగు చేసి చెప్పింది: "బుద్ధుడి దేశమని కొండలు దాటి వస్తే, మంకీ టోపీల దగ్గర కూర్చోమంటావా అంటుంది."

"దారిలో ఎవరన్నా అడిగితే?" అని మళ్ళీ తనే అంది.

"అడిగితే నేను మాట్లాడతాను," అన్నాను. ముప్ఫై ఏళ్ళుగా వేదికలెక్కి వాదించినదాన్ని. నోరున్నవాళ్ళకు నోటిమీద నమ్మకం కాస్త ఎక్కువే.

జామకాయల బుట్ట

ఉయ్యూరులో చెరకు బళ్ళు అడ్డం వచ్చి బస్సు చాలాసేపు ఆగింది. జామకాయల బుట్టతో ఒకావిడ ఎక్కి మా ముందు సీటులో వెనక్కి తిరిగి కూర్చుంది. రూపాయికి రెండు. కాయ ఇచ్చేముందు నా మొహం పరీక్షగా చూసింది.

"బొట్టు లేదేంటమ్మా? కిరస్తానీవాళ్ళా?"

"కాదమ్మా."

"మరి... ఆయన?" అంది, గొంతు తగ్గించి.

"నిక్షేపంలా ఉన్నారు. ఇంట్లో పేపరు చదువుకుంటున్నారు."

"ఉండి కూడానా!" అని బుగ్గలు నొక్కుకుంది.

భర్త బతికున్నాడా లేడా అనే సమాచారాన్ని భార్య నుదుటి మీద రాసి ఊరంతా తిప్పడం ఏమిటని, పెళ్ళయిన కొత్తలోనే బొట్టు మానేశాను. ఆ మాట చెబితే బస్సులో సభ మొదలవుతుందని ఊరుకున్నాను. ఆవిడ నన్ను వదిలి డోల్కర్ని పట్టుకుంది.

"మీదే ఊరమ్మా?"

"టిబెట్."

"అదెక్కడ, గుంటూరవతలా?"

"బాగా అవతల."

"మీరేమిట్లు?"

మనవాళ్ళు కులం అడిగే మర్యాద ఇది. పేవుమెంటు మీద ఇరవై ఏళ్ళు కూర్చున్న డోల్కర్‌కు ఈ ప్రశ్న కొత్త కాదు. "మేం రెఫ్యూజీలమమ్మా," అంది.

"ఓహో. బీసీల్లోకొస్తారా?"

"ఏమోనమ్మా. మా కాగితంలో రాయలేదు."

ఆవిడ ఆలోచించింది. ఎటూ తేలలేదు. చివరికి బుట్టలోంచి నాలుగు కాయలు తీసి పేమా ఒళ్ళో వేసింది. డబ్బులిస్తే తీసుకోలేదు. "పిల్ల పీలగా ఉంది, తిననీ" అంది. కులం తేలేదాకా కుదురుగా కూర్చోలేని మనిషి, తేలకపోయినా కాయ ఇవ్వకుండా ఉండలేకపోయింది. మనవాళ్ళ గురించి వ్యాసాలు రాసేటప్పుడు ఈ రెండో సగాన్ని నేను తరచుగా వదిలేస్తుంటాను.

కూచిపూడిలో పాదాలు

పామర్రులో బస్సు మారాం. దిబ్బరొట్టె తిన్నాం, పచ్చడికి పేమా ముక్కు ఎర్రబడింది. కూచిపూడి చేరేసరికి బస్సు టైరు పంక్చరైంది. మార్చేదాకా కాస్త నడుద్దామని వీధిలోకి వెళ్తే ఒక ఇంటి వసారాలో ఆడపిల్లలు నాట్యం నేర్చుకుంటున్నారు. గురువుగారు కర్రతో పలకమీద తాళం వేస్తుంటే అన్ని పాదాలూ ఒక్కసారి నేలను కొడుతున్నాయి. పేమా అలాగే నిలబడిపోయింది.

"అక్కడే నిలబడ్డారేం? చెప్పులు విప్పి లోపలికి రండమ్మా," అన్నారాయన.

పేమా అత్త వంక చూసింది. తర్వాత కాన్వాసు బూట్లు విప్పింది, మేజోళ్ళు విప్పింది. ఎడమ పాదానికి చివరి రెండు వేళ్ళు లేవు. కర్ర ఆగింది. దానితోపాటు పిల్లల పాదాలూ ఆగాయి.

"ఏమైంది తల్లీ?"

"మంచులో పోయినాయండీ, నడిచి వచ్చేటప్పుడు," అంది డోల్కర్.

గురువుగారు లేచి, తాను కూర్చున్న చాప తెచ్చి పేమాకు వేశారు. మళ్ళీ తాళం మొదలైంది.

ఏ విషయమైనా రుజువుతో తేలాలనేది నా పక్షం. దేవుణ్ణీ, దెయ్యాన్నీ, జాతకాన్నీ అందరినీ రుజువు అడిగినదాన్ని. ఈ పిల్ల సరదాకు సరిహద్దు దాటలేదనడానికి రుజువు నా ఎదురుగా చాపమీద ఉంది. కాని ఆ రుజువును తీసుకునే ఆఫీసు మన దేశంలో లేదు. శరణార్థుల గురించి ప్రపంచ దేశాలు చేసుకున్న ఒప్పందం మీద మనం సంతకం పెట్టలేదు. మనకంటూ సొంత చట్టమూ చేసుకోలేదు. ఒక ప్రభుత్వం దయతలిస్తే పుస్తకం, ఇంకో ప్రభుత్వం దయతలచకపోతే లేదు. అతిథి దేవుడని గొప్పలు చెప్పుకునే దేశంలో అతిథికి ఒక చట్టం లేదు.

దిబ్బ చుట్టూ

ఘంటసాల చుట్టూ కోతలు జరుగుతున్నాయి. కోసిన మళ్ళలో అప్పుడే మినుము మొలకలు కనిపిస్తున్నాయి. వరి కోయకముందే మినుములు చల్లి, ఒక పంట కడుపులోనే ఇంకో పంటను పెట్టడం మా డెల్టా రైతు నేర్పు. పేమా వంగి ఆ మొలకల్ని ముట్టుకుని చూసింది.

స్తూపమంటే ఇప్పుడొక ఇటుకల దిబ్బ. చుట్టూ గడ్డి, పక్కనే నాలుగు పాలరాతి ముక్కలు. చూడ్డానికి ఏముందని నాకనిపించింది. డోల్కర్‌కు అలా అనిపించలేదు. చెప్పులు వదిలేసి, గొణుక్కుంటూ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. రెండు చుట్లకొకసారి నేలమీద బోర్లా పడుకుని దండం. నాకు ఒళ్ళు మండింది.

"డోల్కరమ్మా, ఆ మహానుభావుడు సాష్టాంగ దండాలు పెట్టమన్లేదు. ఎవరు చెప్పినా నమ్మొద్దు, సొంతంగా పరీక్షించి చూసుకోమన్నాడు."

ఆమె గడ్డి దులుపుకుంటూ లేచింది. "పరీక్షే చేస్తున్నా టీచరమ్మా. దండం పెడితే మోకాలునొప్పి తగ్గుద్దా లేదా అని."

"తగ్గిందా?"

"పెరిగింది," అని పగలబడి నవ్వి, మళ్ళీ పడుకుంది.

ఈలోగా జనం పోగయ్యారు. నేపాలు గూర్ఖాలని ఒకరు, చైనావాళ్ళని ఒకరు. చైనా అనే మాట పొలాల మీదుగా మాకంటే ముందే ఊళ్ళోకి వెళ్ళిపోయింది.

అనసూయమ్మగారి ఇల్లు

నా దగ్గర చదువుకున్న రాధ పుట్టిల్లు ఆ ఊరే. ఆ రాత్రికి అక్కడ ఉండమని రాధ ముందే చెప్పి పెట్టింది. వాళ్ళమ్మ అనసూయమ్మగారు మమ్మల్ని చూసి గడపలోనే కాళ్ళకు నీళ్ళిచ్చారు. ఆవిడ భర్త కోత పనిలో పొలం దగ్గరే ఉన్నారు. పప్పుచారు, గుత్తివంకాయ, గోంగూర, కత్తితో కోయాల్సినంత గడ్డపెరుగు. పేమా పెరుగు మూడుసార్లు పోయించుకుంది.

డోల్కర్ బదులు తీర్చుకుంటానని వంటింట్లోకి దూరింది. టీ నీళ్ళలో వెన్నపూసా, ఉప్పూ వేసి కవ్వంతో చిలికి గ్లాసులో పోసిచ్చింది. అనసూయమ్మగారు ఒక గుక్క తాగి, కాసేపు తటపటాయించారు.

"టీ అంటావేంటమ్మా, ఇది చారు. కాస్త ఇంగువ తగిలిస్తే అన్నంలో కలుపుకోవచ్చు."

వాళ్ళు ముగ్గురూ నవ్వుకున్నారు. నేను మొహమాటానికి గ్లాసు పూర్తిచేశాను.

మర్నాడు పొద్దున

బయల్దేరే వేళకు అనసూయమ్మగారు పళ్ళెం తెచ్చారు. కుంకుమ భరిణె, జాకెట్టు గుడ్డలు, అరటిపళ్ళు. ఇంటికొచ్చిన ఆడవాళ్ళను బొట్టు పెట్టకుండా పంపకూడదు. నా దగ్గరకొచ్చేసరికి ఆవిడే ఆగి, "మీ సంగతి మా రాధ చెప్పిందిలెండి పంతులమ్మగారూ," అని పళ్ళు మాత్రం ఇచ్చారు. తర్వాత డోల్కర్ వైపు తిరిగి, వేలు కుంకుమలో ముంచి, మాటవరసకు అడిగారు: "మీ ఆయన ఏం చేస్తాడమ్మా?"

"పోయాడమ్మా. ఈ దేశమొచ్చిన కొత్తలో మావాళ్ళందర్నీ కొండల్లో రోడ్డు పనికి పెట్టారు. బండ పడింది."

కుంకుమ వేలు గాలిలో ఆగింది. "అయ్యో తల్లీ," అన్నారు అనసూయమ్మగారు. నిజంగానే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాని వేలు డోల్కర్ని దాటి పక్కకు వెళ్ళింది. పేమా నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టి, ఒళ్ళో జాకెట్టు గుడ్డ పెట్టారు. డోల్కర్‌కు అరటిపళ్ళు ఇచ్చారు. నాకు ఇచ్చిన వాటికన్నా ఇంకో రెండు ఎక్కువే.

ముప్ఫై ఏళ్ళ వ్యాసాలన్నీ నా గొంతులోకి వచ్చాయి. నోరు తెరవబోతుండగా వాకిట్లో సైకిలు స్టాండు చప్పుడైంది.

హెడ్ కానిస్టేబుల్. యాభై ఏళ్ళ మనిషి, చెమటలు కక్కుతున్నాడు.

"ఊళ్ళో ఫారినర్లు దిగారని ఫోనొచ్చిందండీ. కాగితాలు చూపించమనండి."

డోల్కర్ లేచి, గౌను మడతల్లోంచి పుస్తకం తీసి ఇచ్చింది. ఇచ్చి, రెండు చేతులూ ముందుకు చాచి, తల వంచి, నాలుక కొంచెం బయటపెట్టింది. ఆయన మొహం ఎర్రబడింది.

"ఏంటండీ ఇది? వెక్కిరిస్తందా?"

"కాదండీ, అది వాళ్ళ పాతకాలపు నమస్కారం. పెద్దవాళ్ళకు మర్యాద చెయ్యడం," అన్నాను. ఎప్పుడో చదివిన సంగతి. ఆమె అలా చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. భయమేసినప్పుడు మనిషి చిన్ననాటి మర్యాదలోకి పారిపోతాడు కాబోలు.

"మర్యాద ఇట్టా కూడా ఉంటదా అండీ!" అని ఆయన పుస్తకం తిరగేసి ఇచ్చేశాడు. "ఈమెది సరిగ్గానే ఉంది. ఈ అమ్మాయిదేదీ? నేపాలు పిల్లా?"

అది ఆయన తెరిచి పెట్టిన తలుపు. నేపాలువాళ్ళకు మన దేశంలో ఏ కాగితమూ అక్కర్లేదు. అవునంటే అయిపోయేది. అవునని నేను అనేదాన్నో లేదో ఇప్పటికీ చెప్పలేను. ఎందుకంటే 'నేపాలు' అనే మాట పట్టుకున్న పేమా నాకంటే ముందే తల అడ్డంగా ఊపింది.

"నహీ. టిబెట్."

"కాగితం?"

"లేదండీ," అన్నాను.

ఆయన నిట్టూర్చాడు. "అయితే స్టేషనుకు రావాలండీ."

స్టేషనంటే కేసు. కేసంటే జైలు. అక్కణ్ణుంచి సరిహద్దు. ఆ పిల్ల ఏ మంచులోంచి వచ్చిందో ఆ మంచులోకే. అప్పుడు మాట్లాడాను. బాగానే మాట్లాడాను. ప్రాణానికీ స్వేచ్ఛకూ రాజ్యాంగమిచ్చిన రక్షణ పౌరులకే కాదని, ఈ నేలమీదున్న ప్రతి మనిషికీ వర్తిస్తుందని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మీరు చెప్పింది కరెక్టేనండీ మేడంగారూ. కాని శరణార్థి అంటే ఫలానా, వాళ్ళని ఇట్టా చూడాలి అని రాసిన చట్టం ఒక్కటి చెప్పండి, రాసుకెళ్తాను. మా ఎస్సైగారు అడుగుతారు."

"అలాంటి చట్టం లేదు."

"విదేశీయుల చట్టం మాత్రం ఉందండీ. దాని ప్రకారం ఈ పిల్ల నేరస్థురాలే. నాకేమన్నా సరదానా అండీ?"

పేమా జాకెట్టు గుడ్డను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. అప్పుడు అనసూయమ్మగారు పళ్ళెం అరుగుమీద పెట్టి మధ్యకు వచ్చారు.

"హెడ్డుగారూ, ఇప్పుడే కదయ్యా ఆ పిల్లకి బొట్టు పెట్టింది. కుంకం ఆరకుండా నా గడపలోంచి ఠాణాకి తీసుకుపోతావా? వచ్చే నెల్లో మా రాధ పురిటికొస్తంది. ఇట్టాంటప్పుడు ఆడపిల్ల ఉసురు నా ఇంటికి తగలాలా? నీకు మాత్రం ఆడపిల్లల్లేరా?"

"ఉన్నారమ్మా, ఇద్దరు. కాని రూలు..."

"రూలు మగాళ్ళకి చెప్పు. ఇక్కడ కూర్చో, మజ్జిగ తెస్తా."

ఆయన కూర్చున్నాడు. మజ్జిగ తాగాడు. పేమా నుదుటి వంక ఒకసారి, ఆమె కాళ్ళ వంక ఒకసారి చూశాడు. గ్లాసు బోర్లించి లేచాడు.

"ఇప్పుడొచ్చే బస్సుకి వెళ్ళిపోండి. నేనొచ్చేసరికి మీరు లేరు."

"మరి ఏమని రాస్తారు?" అన్నాను.

"ఏం రాయమంటారండీ, కుంకం బొట్టు పెట్టారని రాయనా?" అని సైకిలెక్కాడు.

తిరుగు దారి

ఈసారి విజయవాడకు నేరుగా పోయే బస్సే దొరికింది, ముగ్గురం మళ్ళీ ఒకే సీటులో కూర్చున్నాం. రాజ్యాంగం ఓడిపోయిన వాకిట్లో ఉసురు గెలిచింది. దాన్ని కాదనే హక్కు నాకు లేదు, ఆ పిల్ల నా పక్కన ఉంది కాబట్టి. దాన్ని మెచ్చుకునే మనసూ రాలేదు, డోల్కర్ కూడా నా పక్కనే ఉంది కాబట్టి. పెద్దామెకు ప్రభుత్వం పుస్తకం ఇచ్చింది, అనసూయమ్మగారు బొట్టు పెట్టలేదు. చిన్నదానికి బొట్టు పెట్టారు, పుస్తకం లేదు. ఒకవేళ పేమా మొగుడు కూడా ఆ మంచులోనే పోయి ఉంటే? పేమా కాక ఏ ఫాతిమానో అయి ఉంటే? అనసూయమ్మగారి వేలు ఎక్కడిదాకా వచ్చి ఆగేది? ఆవిడ మంచిమనిషి కాదని నేననను. అంత మంచిమనిషి దయ కూడా ఎదుటివారి మొహం చూశాకే కదిలింది. అందుకే చట్టం కావాలి. అది మొహం చూడకూడదు.

డోల్కర్ అరటిపండు వలుస్తూ అంది: "నాకెందుకు పెట్టలేదో తెలుసు టీచరమ్మా. ఇరవై ఏళ్ళు బజార్లో కూర్చున్నాను."

"తెలిసి మరి పోయాడని ఎందుకు చెప్పావు? ఉన్నాడంటే సరిపోయేదిగా."

"ఉన్నాడంటే, ఆయన రోడ్డుమీద చచ్చిపోయిన సంగతి ఇంకెవరికి గుర్తుంటది?"

కాసేపటికి పేమా అత్త చెయ్యి తట్టి, నుదురు చూపించి ఏదో అడిగింది. డోల్కర్ నవ్వలేదు. నాకు తెలుగు చేసి చెప్పింది.

"ఇది ఎన్నాళ్ళు పనిచేస్తుంది అని అడుగుతుంది."

అత్త పుస్తకానికి గడువుంటుంది, దీనికీ ఉంటుంది కదా అని. హేతువు తప్పని ప్రశ్న.

"మొహం కడుక్కునేదాకా," అన్నాను.

పామర్రులో బస్సు ఆగింది. కోతల దుమ్ముకు అందరి మొహాలూ జిడ్డోడుతున్నాయి. జనం దిగి కుళాయి దగ్గర వరసకట్టారు. నేను కడుక్కున్నాను, డోల్కర్ కడుక్కుంది. పేమా బస్సులోంచి దిగలేదు.